గడపలో ఉప్పు పొట్లం

(తొమ్మిదో భాగం)

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆశ్రిత వాళ్ళింట్లో అయిదుగురున్నారు. గోడకు ఆనుకుని చాప మీద అమ్మ సరళ. ఆమె పక్కన కాళ్ళు బారజాపి వక్కాకు నములుతూ అవ్వ సుంకమ్మ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో గుంతకల్లు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిన పాస్టరు జయరాం అయ్యగారు. ఆయనకెదురుగా కింద, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని సంఘపెద్ద యేసన్న. వంటగది గుమ్మంలో, సగం లోపలికీ సగం బయటికీ, ఆశ్రిత. నాయన ఎర్రన్న లేడు. బళ్ళారికి ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయి పదిరోజులైంది.

గడప బయట ఇంకా ఇద్దరున్నారు గానీ వాళ్ళను ఇంట్లో ఉన్నట్టు లెక్కవేయకూడదు. బడి తల్లిదండ్రుల కమిటీకి పెద్ద అయిన లక్ష్మీపతి ఊరి బయట ఉన్న ఈ కాలనీ ఇళ్ళల్లోకి అడుగు పెట్టడు. ఓట్లప్పుడు కూడా బయటే నిలబడి నవ్వి పోతాడు. అతని కోసం పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి వేశారు. అతని వెనక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెన్నమ్మ.

వీళ్ళందరూ ఇక్కడ కూడడానికి కారణం అయిదు రోజుల కిందటి ఉప్పు. మంగళవారం కోడికూత వేళ సరళ, ఆశ్రిత, సంఘంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో అరవైరెండు గడపల్లో అరవైరెండు పొట్లాలు పెట్టి వచ్చారు. పొట్లంలో పిడికెడు రాళ్ళుప్పు. దాంతోపాటు ఒక చీటీ. ప్రభువును నమ్మినవాళ్ళు ఈ లోకానికి ఉప్పులాంటివాళ్ళన్న వాక్యం ఆ చీటీలో ఆశ్రిత చేతిరాతతో ఉంది. తెల్లారి కసువూడ్చడానికి తలుపు తీసిన ప్రతి ఆడమనిషికీ గడపలో ఉప్పూ, దాని మీద ఎర్రటి రాతా కనబడ్డాయి. దిష్టి తీసిన ఉప్పును పొరపాటున తొక్కినా కాళ్ళు కడుక్కునే ఊరు అది. పొట్లాలను చేటలతో ఎత్తి ముళ్ళకంపల్లో పారేశారు. అదే మధ్యాహ్నం బడిలో అన్నం తిన్న చెన్నమ్మ మనవడు ప్రణీత్ వాంతి చేసుకున్నాడు. ఆ బడిలో పదకొండేళ్ళుగా వంట చేస్తున్నది సరళ. శుక్రవారానికి ఎనభైమూడు మంది పిల్లల్లో తొమ్మిది మందే పళ్ళెం పట్టుకుని కూర్చున్నారు.

"ఏమప్పా," అన్నాడు లక్ష్మీపతి బయటినుంచి. "నాకు సేనికాడ పని ఉండాది. రేపు సోమారం. బడిలో పొయ్యి సరళ ముట్టిస్తాదా, ఇంగొకరు ముట్టిస్తారా? ఇదొక్కటే తేలాల."

"ఇంగొకరే," అంది చెన్నమ్మ. "ఆ చేతి ఉప్పు మా పిల్లోడు తినడు."

"ఇన్నేండ్లు ఆ చేతి ఉప్పు తినే గదమ్మే మీ చిన్న కూతురు పదో తరగతి దాటింది," అంది అవ్వ, కదలకుండానే. "మీ మనవడు మంగళారం పొద్దున మూడు ఐసు పుల్లలు చీకినాడని వాళ్ళ జతగాళ్ళే చెప్పుకుంటాండారు. ఆ ఐసాయన్ను పిల్చుకోని రారాదా పంచాయతీకి?"

"సుంకమ్మా, నువ్వు గమ్మునుండు," అన్నాడు లక్ష్మీపతి. అతని గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "నేను చేతబడి గీతబడి నమ్మేవాణ్ణి కాదు. ఊరు నమ్ముతాది. మూడు వారాల నుంచి ఒక్క చినుకు లేదు, ఇత్తనాలు ఇంట్లోనే ఉండాయి, అందరికీ మనసులు బాగలేవు. ఎవురో ఒకరు ఊరికి చెప్పాల. అయ్యగారు రేపు బడికాడికొచ్చి, 'ఇది నేను చెప్తే చేసినారు, మీ ఆచారం తెలీక చెప్పినాను' అని ఒక మాట అంటే సాలు. మిగతాది నేను సర్దుతా. అనకపోతే సరళ సొంతానికి చేసిందని అనుకుంటారు. ఇంగ బడి గేటు తాకే పని లేదు."

ఆశ్రితకు గుండె తేలికైంది. ఇంతేనా అనుకుంది. అయిదు రోజులుగా అమ్మ నీళ్ళకు పోతే కొళాయి దగ్గర బిందెలు పక్కకు జరుగుతున్నాయి. అమ్మ రాత్రి అన్నం ముందు కూర్చుని తినకుండానే లేస్తోంది. ఇదంతా పోవడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నిజం కూడా. గంటసేపు ఆపకుండా ప్రసంగం చేసే మనిషికి ఒక్క వాక్యం ఎంత పని?

జయరాం అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "లక్ష్మీపతి గారూ, మాకొక అయిదు నిమిషాలు ఇవ్వండి. ప్రార్థన చేసుకుని చెప్తాం."

"చేసుకోండి. నేను ఆ నీడకు పోతా." కుర్చీ ఈడ్చుకుని లక్ష్మీపతి ఎదురింటి గోడ నీడలోకి జరిగాడు. చెన్నమ్మ కూడా జరిగింది.

లోపల ఎవరూ ప్రార్థన చేయలేదు. అయ్యగారు ముందుకు వంగి గొంతు తగ్గించారు.

"సహోదరీ సరళా, ఉత్సాహంతో చేసిన పని ఇది. అందులో దురుద్దేశం లేదని నాకు తెలుసు. కానీ సంఘం చేయించిందని అనడం సరికాదు. ఉప్పులాగా బతకమని నేను బోధించాను. ఇళ్ళముందు ఉప్పు పెట్టమని ఎప్పుడన్నాను?"

సరళ తలెత్తి ఆయన వైపు చూసింది. తర్వాత యేసన్న వైపు చూసింది. యేసన్న ఒళ్ళోని తలగుడ్డను మడత పెడుతున్నాడు. మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతున్నాడు.

ఆశ్రితకు చెవులు వేడెక్కాయి. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె గొంతు సారుకు ఏనాడూ వినబడలేదు. ముఖం చూసి టిక్కు పెట్టుకునేవాడు. దుకాణంలో అగ్గిపెట్టె అడగాలన్నా పక్కనున్నవాళ్ళు అడిగేదాకా నిలబడి, "నాకూ ఒకటి" అనే పిల్ల. నోటితో అనలేనిదంతా ఆమె రాసుకుంటుంది. ఆదివారం ప్రసంగాన్ని కూడా అన్నది అన్నట్టే రాస్తుంది. వంటగదిలోకి పోయి, చౌకబియ్యం డబ్బా మీదున్న నోటుబుక్కు తీసుకుని వచ్చింది. గుమ్మం దాటి గది మధ్యలో నిలబడింది.

"జూలై పదమూడు, ఆదివారం," అని చదివింది. గొంతు సన్నగా వచ్చింది. "గాలి ఎక్కువ. వాన లేదు. అయ్యగారు చెప్పినారు, మూటలో ఉండే ఉప్పు ఎవురికీ పనికిరాదు, మూట విప్పాల. మంగళవారం ఇంటింటికీ పిడికెడు ఉప్పు, ఒక వాక్యం. యేసన్న తాత అన్నాడు, ఉప్పు చేతి నుంచి చేతికి ఇస్తే పగ వస్తాదని మా పక్క తీసుకోరు అయ్యగారూ. అయ్యగారు అన్నారు, అయితే గడపలో పెట్టి రండి, లేవగానే చూస్తారు."

"ఆశ్రితా," అంది సరళ.

"చదవనీయే," అంది అవ్వ. "ఇంగా ఉన్నట్టుంది."

"అమ్మ లేచి నిలబడింది. అమ్మ అనింది, గడపలో ఉప్పు చానా తప్పు అయ్యగారూ, చేతబడి అనుకుంటారు. అందరినీ పిలిచి ఒక పూట అన్నం పెడదాం, ఉప్పు అందులోనే ఉంటాది గదా. అయ్యగారు నవ్వినారు. వంటామెకు వంటే గుర్తొస్తుంది అన్నారు. అందరూ నవ్వినారు. మీలో ఇంకా దిష్టి భయముంటే మీ విశ్వాసమే నిస్సారమైన ఉప్పు, అట్లాంటి ఉప్పును బయట పారేస్తారు అన్నారు. అమ్మ కూచుంది. అమ్మ మళ్ళా మాట్లాడలేదు. అయ్యగారు నాతో అన్నారు, చీటీలు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాయి, నా బైబిల్లో ప్రభువు మాటలు ఎర్ర అక్షరాల్లోనే ఉంటాయి."

చదవడం అయిపోయింది. ఆశ్రిత నోటుబుక్కును ఎదకు అదుముకుంది.

అయ్యగారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. అబద్ధమని అనలేదు.

"నేను రైల్వే క్వార్టర్స్‌లో పుట్టినవాణ్ణి," అన్నారు చివరికి. "అక్కడ గడపలో ఉప్పు పడితే చీమలు రావేమో అనుకుంటారు తప్ప ఇంకేమీ అనుకోరు. తెలియక అన్నాను. ఒప్పుకుంటాను. ఇక్కడ, మీ నలుగురి ముందు. కానీ బడి ముందు ఎట్లా ఒప్పుకోను? వచ్చే శుక్రవారం పంచాయతీలో మన మందిరం స్థలానికి తీర్మానం పెడుతున్నారు. ఇళ్ళముందు ఉప్పు పెట్టించే సంఘానికి స్థలమెందుకని ఒక్కడు లేచి అన్నా చాలు, అంతా పోతుంది. యేసన్న గారు ముప్పై ఏళ్ళుగా ఆ రేకుల కొట్టంలో, ఎండకు కాలుతూ, ఆ స్థలం కోసం ఎదురుచూస్తున్నారు. అవునా యేసన్న గారూ?"

యేసన్న తల ఊపీ ఊపనట్టు ఊపాడు.

"అమ్మా సరళా," అన్నారు అయ్యగారు. ఆయన గొంతులో ఇప్పుడు ఆదివారం మెత్తదనం వచ్చింది. "ఉప్పు తన కోసం తాను ఉండదు. కరిగిపోతేనే కూరకు రుచి. నువ్వొక్కదానివి ఈ నింద మోస్తే సంఘమంతా నిలబడుతుంది. ప్రభువు నీకు వేరే దారి చూపిస్తాడు."

అవ్వ వక్కాకు నమలడం ఆపింది.

"కరిగేది ఎప్పుడూ మా అమ్మేనా అయ్యగారూ?"

ఆ మాట అన్నది తనేనని ఆశ్రితకు అందరూ తనవైపు తిరిగాక తెలిసింది. ఇక ఆగలేదు.

"కుళ్ళకుండా ఆపేది ఉప్పని మీరే చెప్పినారు. పోయిన నెల. అదీ రాసుకున్నా. చేపను, మాంసాన్ని ఎట్ల కాపాడతాదో అట్ల మీరు ఊరిని కాపాడాలని చెప్పినారు. మీరు చేయించిన పని మా అమ్మ సొంతానికి చేసిందని చెప్పడం కుళ్ళు కాదా? దాన్ని ఆపే ఉప్పు ఎవురు? కాలనీలో ఆడోళ్ళకొక వాక్యం, మీకొక వాక్యమా?"

"నోరు మూసుకో," అంది సరళ. గట్టిగా అనలేదు. పొయ్యి దగ్గర పిల్లలను దూరం జరగమన్నట్టు అంది. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది.

"నాకు వాక్యం మీ అంత తెలీదు అయ్యగారూ. ఎనభైమూడు మందికి సాంబార్లో ఉప్పెంత పడాలో తెలుసు. ఎక్కువైతే ఉమ్మేస్తారు. తక్కువైతే అక్కా ఉప్పు అని అరుస్తారు. సరిపోయిన పొద్దు ఎవురూ ఉప్పు ఊసే ఎత్తరు, ఇంగో గరిటె పొయ్యమంటారు. ఆ ప్రభువు అట్ల ఉండమన్నాడని అనుకుంటి నేను. కుప్ప పోసి, మేమే ఉప్పు, సూడండి అని చెప్పుకోమన్నాడని అనుకోలేదు." చాప అంచును వేలితో సరిచేసింది. "ఆ పొద్దు మీ మాట మీద పెట్టినాను. ఈ పొద్దు మీ మాట మీదనే ఒప్పుకుంటాలే. నేనే సొంతానికి పెట్టినానని చెప్తా. మందిరం నా వల్ల ఆగిపోయిందనే మాట నాకొద్దు."

"దేవుడు నిన్ను దీవించును గాక," అన్నారు అయ్యగారు. ఆయన నిజంగానే కళ్ళు మూసుకున్నారు.

ఆశ్రితకు అన్నిటికంటే ఆ మూసిన కళ్ళను చూస్తేనే ఒళ్ళు మండింది. అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేవబోతోంది. పొయ్యి సెగకు అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, లేవడానికి రెండుసార్లు ప్రయత్నం చేయాలి. ఆమె రెండోసారి ప్రయత్నించేలోపల ఆశ్రిత గడప దాటి బయట ఉంది.

ఎండ నెత్తిన కొట్టింది. గాలికి దుమ్ము లేచి నోటుబుక్కు కాగితాలు టపటపా కొట్టుకున్నాయి. కాలనీలో ప్రతి తలుపు సందులోనూ ఒక మొహం ఉంది. లక్ష్మీపతి కుర్చీ దాకా ఉన్న ఇరవై అడుగుల దూరం ఆశ్రిత ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు.

"ఏం పాపా, తేలిందా లోపల?"

"మా అమ్మ చెప్పొద్దనింది పెద్దయ్యా. చేస్తే తప్పు పడతారని అందరి ముందూ చెప్పింది. ఈడ రాసుకున్నా. సదువుతా."

చదివింది. మొదటి రెండు వరసలు గాలి ఎత్తుకుపోయింది. "గట్టిగా సదువు," అంది చెన్నమ్మ కసురుకున్నట్టు. ఆశ్రిత మళ్ళీ మొదటినుంచి చదివింది. పగ మాట, గడప మాట, అమ్మ అన్నం పెడదామన్న మాట, అందరూ నవ్విన మాట. ఎర్ర పెన్ను దగ్గరికి వచ్చేసరికి చెన్నమ్మ ఒకడుగు ముందుకు వేసింది.

"ఆ ఎర్ర రాతలు ఎవురు రాసింది?"

"నేనే అత్తా."

"మా గడపలో దానికి నేను మూడు పొద్దులు నిద్రపోలేదు."

"తప్పే అత్తా. వాళ్ళ దేవుని మాటలు..." ఆశ్రిత ఆగి సరిచేసుకుంది. "మా దేవుని మాటలు ఎర్రగా రాస్తారంట. గౌరవానికి. నాకు అది ఒక్కటే తెలుసు."

చెన్నమ్మ నోటి మీది కొంగు తీసేసింది. "మీ అమ్మ వద్దనిందా? నిజంగా?"

"లేచి నిలబడి అనింది."

చెన్నమ్మ ఆశ్రిత ముఖం మీంచి చూపు తీసి సరళ ఇంటివైపు చూసింది. అయిదు రోజుల్లో మొదటిసారి ఆ చూపులో భయం లేదు.

లక్ష్మీపతి గడ్డం గోక్కున్నాడు. "రాసుకునేది బాగుండాది. కానీ పాపా, కూతురు రాసింది తల్లికి సాక్ష్యమంటే ఊరు నవ్వుతాది. ఆ మాటలు విన్న పెద్దోళ్ళు ఎవురన్నా ఉండారా?"

ఉన్నారు. ఆశ్రిత ఊపిరి పీల్చుకుంది. ఆమెకు బలపం పట్టించింది యేసన్న తాతే. ఆదివారం బడిలో తెలుగు అక్షరాలు ఆయన వేలు పట్టుకునే దిద్దింది. ఊళ్ళో గట్టు తగాదా వస్తే, కులం చూడకుండా రెండు పక్కలవాళ్ళూ ఆయన్ను పిలుచుకుపోయి గట్టు మీద నిలబెట్టి, "నువ్వు చెప్పు యేసన్నా, రాయి యాడుండె?" అని అడుగుతారు. ఆయన చెప్పిన చోటే రాయి పాతుతారు.

"యేసన్న తాత విన్నాడు," అంది. ఈసారి గాలికి కూడా గొంతు ఆగలేదు. "అడిగిందే ఆ తాత. అయ్యగారు బదులు చెప్పింది ఆ తాతకే."

"యేసన్న చెప్తే నాకు ఇంగొక సాక్ష్యం అక్కరలేదు," అన్నాడు లక్ష్మీపతి. కుర్చీలోంచి లేచి, ఆశ్రిత వెంట రాగా ఇంటివైపు నడిచి, గడప బయటే ఆగాడు. "ఏం యేసన్నా. ఒక్కసారి ఇట్ల రా అప్పా."

లోపల ఏవో గుసగుసలు వినబడ్డాయి. అయ్యగారి గొంతు ఒకటి రెండు మాటలు, ఆపైన అమ్మది ఒక మాట. తర్వాత యేసన్న వచ్చి గడప లోపల నిలబడ్డాడు. తలగుడ్డ చుట్టుకోలేదు. తెల్లటి జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. ఆయన భుజం మీంచి ఆశ్రితకు అమ్మ కనబడింది. గోడ పట్టుకుని నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఎవరిని వద్దంటోందో తెలియలేదు.

"సరళ వద్దనిందంట," అన్నాడు లక్ష్మీపతి. "అయ్యగారే గడపలో పెట్టమన్నాడంట. నువ్వు ఆడే ఉన్నావంట. అవునా, కాదా?"

యేసన్న లక్ష్మీపతిని చూడలేదు. చెన్నమ్మను చూడలేదు. కాలనీ చివర, పంచాయతీవాళ్ళు మందిరానికని సున్నంతో గీతలు గీసిపోయిన ఖాళీ స్థలంకేసి చూశాడు. తర్వాత ఆశ్రితను చూశాడు.

"చెప్పు తాతా," అంది ఆశ్రిత. "నువ్వు చెప్తే అయిపోతాది."

ఆయన పెదవులు కదిలాయి. మాట వచ్చిందనే అనుకుంది. ఆశ్రిత గడపకు ఇంకొక అడుగు దగ్గరికి జరిగింది, సరిగా వినబడాలని. అప్పుడు యేసన్న రెండు చేతులూ చాచి, అది ఆశ్రిత వాళ్ళిల్లు, వాళ్ళ తలుపు అని కూడా చూడకుండా, రెండు రెక్కలనూ లాగి ఆమె ముఖం మీదే మూసి, లోపల గడియ వేశాడు.